రాళ్ళ దగ్గర ఆగిన బండి

కొత్తగా వర్క్‌షాపుల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు గురించి నాలుగు ముక్కలు చెప్పమంటారు. నాలుగు ముక్కలే ఉన్నాయి కాబట్టి చెప్పడం తేలిక. మామూలు గేర్‌బాక్సులో నూనె పళ్ళు అరగకుండా చూస్తుంది. ఆటోమేటిక్‌లో బండిని లాగేదే నూనె. లాగేటప్పుడు అది కాగిపోతుంది కనుక రెండు సన్నటి గొట్టాలు పెడతారు. ఒకటి వేడి నూనెను బండి ముందున్న కూలర్‌కు మోసుకెళ్తుంది, రెండోది చల్లారిన నూనెను వెనక్కి తెస్తుంది. ఆ రెండూ బాగుండి, అందులో పొయ్యాల్సిన నూనే పోస్తే మీ పని సగం అయిపోయినట్టే. ఇదంతా మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్‌లో లేని సంగతి ఒకటి నాకు తెలుసు. ఇన్నాళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. నవ్వొస్తే నవ్వుకోండి, నాకైతే ఇప్పటికీ నవ్వు రాదు.

నేను పనిచేసింది బొగ్గు ఓపెన్‌కాస్ట్ గనిలో, డంపర్లు బాగుచేసే వర్క్‌షాపులో. ఇంటి ఎత్తుండే ఆ లారీలన్నీ ఆటోమేటిక్కే. అందుకే, అడవి ఊళ్ళకు వైద్యం కోసం ఎవరో దాతలు మా గనికి ఒక ఆటోమేటిక్ వ్యాన్ ఇచ్చినప్పుడు దాని మంచిచెడ్డలు మా షాపు నెత్తిన పడ్డాయి. వారానికోసారి అది బూర్గంపాడు దాటి అడవిలోకి వెళ్ళి, వాగు అవతల గుట్ట వెనకున్న ఒక కోయ ఊరిని చూసి వచ్చేది. అందులో ఒక నర్సు, ఒక డ్రైవరు. నర్సు గని కార్మికుల ఇంట్లో పెరిగిన పిల్ల, మనిషి ముక్కుసూటి. డ్రైవరుది తల్లాడ వైపు. అంతకుముందు ఖమ్మం మార్కెట్‌కు పత్తి లారీ తోలేవాడు. టైరుకు దండం పెట్టనిదే తాళం తిప్పడు. బండి మీద దుమ్ము పడితే తన మీద పడినంత బాధపడేవాడు.

ఒకనాడు అతను షాపుకొచ్చి నా పక్కన నిలబడ్డాడు. చెప్పాలా వద్దా అని కాసేపు నసిగాడు.

"అన్నా, బండి ఆగుతున్నది."

"ఎక్కడ?"

"రాళ్ళ కాడ."

వాగు దాటగానే రోడ్డు గుట్టెక్కుతుంది. గుట్ట నెత్తిన, ఊళ్ళోకి దిగేచోట, పోయినవాళ్ళ పేరున ఆ ఊరివాళ్ళు నిలబెట్టిన రాళ్ళున్నాయి. సరిగ్గా అక్కడికి రాగానే ఇంజను అరుస్తుందట, గేరు పడే ఉంటుందట, చక్రం మాత్రం తిరగదట. కొబ్బరికాయ కొట్టి, రాళ్ళ మీద నీళ్ళు ధారగా సాకబోసి, దండం పెట్టుకుని కాసేపు కూర్చుంటే మళ్ళీ కదులుతుందట. తిరిగొచ్చేటప్పుడూ అంతే. ఊళ్ళోంచి గుట్టెక్కి పైకి రాగానే అక్కడే ఆగుతుంది. ఆగిన చోట బండి కింద ఎర్రటి చుక్కలు.

"ఊళ్ళోళ్ళు నెత్తురంటున్నరు," అన్నాడు.

"నెత్తురేందయ్యా, గేర్‌బాక్సు నూనె. దాని రంగే ఎరుపు."

"నాకు తెల్వదా అన్నా? నూనెనే. కానీ అక్కడ్నే ఎందుకు కారాలె?"

జవాబు లేనప్పుడు పెద్ద ఫిట్టర్లు చేసే పనే చేశాం. బండిని షాపు ఆవరణలో గుండ్రంగా తిప్పి చూశాం. ఎక్కడా ఆగలేదు, చుక్క కారలేదు. మా ఫోర్‌మన్ బానెట్ మీద చరిచి, "కొత్త పెళ్ళికూతురు, అడవిని చూసి చెమట పడుతున్నది," అన్నాడు. అందరం నవ్వాం. గొట్టం చివర పట్టు వేసే క్లాంపు ఒకటి బిగించి పంపేశాం. డంపర్లకు అలవాటైన మా కళ్ళకు ఆ వ్యాన్ బొమ్మలా ఉండేది.

తర్వాత ఆ బండిలో భద్రాచలం బయలుదేరిన ఇద్దరు చనిపోయారు. మొదట జ్వరమొచ్చిన ఒక ముసలాయన. ఆ తర్వాత ఒక పడుచు, ఆమెకూ జ్వరమే. ఇద్దర్నీ తీసుకెళ్ళిన రోజుల్లో బండి రాళ్ళ దగ్గర ఆగింది. ఇద్దరూ ఆసుపత్రికి చేరుతూనే పోయారు. ఇద్దరి పేరునా గుట్ట మీద కొత్త రాళ్ళు లేచాయి. దాంతో ఊరికి అంతా తేటతెల్లమైపోయింది. రాళ్ళు తమవాళ్ళను దాటి పోనివ్వడం లేదు. దాటించుకుపోతే వెనక్కి పిలుచుకుంటున్నాయి. ఇక ఆ బండి ఎక్కేది లేదన్నారు అందరూ.

ఈసారి నర్సే షాపుకొచ్చింది. నేల మీద నూనె మడుగులు కూడా చూసుకోనంత కోపంగా వచ్చింది.

"సార్, మందులిస్తే తీసుకుంటున్నరు, బండి ఎక్కుమంటే తలుపులు ఏసుకుంటున్నరు. ఊళ్ళో ఒకామెకు నెలలు నిండినయి. బిడ్డ అడ్డం తిరిగి ఉన్నది. నొప్పులొస్తే ఇంట్ల అయ్యే కాన్పు కాదు. ఇద్దరూ పోతరు. పోయిన పిల్ల ఆమెకు ఆడబిడ్డ. నేను సెలవుల ఉన్నప్పుడే ఆ పిల్లను తోలుకపోయిండ్రు. ఆ పిల్ల తల్లే ఈమెకు అత్త. బిడ్డను ఇచ్చిన, కోడల్ని ఇయ్య అంటున్నది. నాకు మంచి బండన్న ఇయ్యండి, లేకుంటే ఎడ్లబండన్న ఇయ్యండి."

ఆ మాటతో ఫోర్‌మన్ నవ్వు మాయమైంది. మర్నాడు నేను పనిముట్ల పెట్టె, కొత్త గొట్టం, ఆ గేర్‌బాక్సుకు తయారీదారు చెప్పిన నూనె డబ్బాలు సర్దుకుని వ్యాన్ ఎక్కాను.

ఎండాకాలం. వాగులో నీటి చుక్క లేదు. ఇప్పపూల వాసన కిటికీల్లోంచి కొడుతోంది. బండి ముందు జాలీ నిండా ఎర్ర గుడ్డలు, వేపమండలు కట్టి ఉన్నాయి. ఏమిటని అడిగితే, ఆగినప్పుడల్లా ఒకటి కడుతున్నానన్నాడు డ్రైవరు. ఊరివాళ్ళూ కొన్ని కట్టారట. వాటిని చూసి నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. దేవుడి గుడ్డలు కదా, చూపు వాటి మీద నిలపలేకపోయాను.

వాగు దాటి గుట్టెక్కుతున్నాం. డ్రైవరు స్టీరింగు మీదికి వంగాడు. నర్సు కళ్ళు మూసుకుంది. పైకి వస్తుండగా రోడ్డు పక్కన జనం కనిపించారు. బస్సు కోసం నిలబడ్డట్టు వరసగా, కొందరు పొట్టిగా, కొందరు పొడుగ్గా. దగ్గరికొచ్చాక అవి రాళ్ళని తెలిసింది. అదే క్షణంలో ఇంజను గొంతు లేచింది. బండి మాత్రం నెమ్మదించి, నెమ్మదించి, నిలిచిపోయింది. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కి చూపించాడు. ఇంజను అరిచింది. చక్రాలు కదల్లేదు. నిజం చెబుతున్నాను, పట్టపగలు నా వీపు చల్లబడింది.

ఇంజను ఆపించాను. ఇనుము చల్లారుతున్న టిక్కుటిక్కు తప్ప ఇంకో చప్పుడు లేదు. అంత అడవిలో ఒక్క పిట్ట అరవదు. కింద దూరి చూస్తే దుమ్ములో ఎర్రటి చుక్కలు, ఇంకా పడుతున్నాయి. కూలర్‌కు పోయే గొట్టం పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, లాగేసుకున్నాను. తర్వాత వెనక్కి వచ్చే గొట్టం పట్టుకున్నాను. చల్లగా ఉంది. అంతగా కాగిపోయిన బండిలో ఆ ఒక్క గొట్టంలోనే ప్రాణం లేదు. నేను చూసింది కొత్త రోగమేమీ కాదు, వేడి వెళ్తోంది, చల్లారింది తిరిగి రావడం లేదు, మధ్యలో ఎక్కడో దారి మూసుకుంది. ఆ లెక్క తలకెక్కుతూనే ఉంది. అయినా ఆ చల్లటి గొట్టం పట్టుకున్న చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాను.

బయటికొచ్చేసరికి డ్రైవరు కొబ్బరికాయ కొట్టి దండం పెడుతున్నాడు. రాళ్ళలో రెండు కొత్తవి. మిగతావి నాచు పట్టి నల్లబడ్డాయి, ఆ రెండింటికీ ఇంకా ఉలి తెలుపు పోలేదు. అవి మాత్రం కొంచెం రోడ్డు వైపు తిరిగి ఉన్నట్టు నాకనిపించింది.

"కారిన నూనె బదులు ఏం పోస్తున్నవ్ తమ్మీ?" అని అడిగాను.

"ఎర్రదే."

"ఎర్రదంటే?"

"ఖమ్మంల దొరికిందన్నా. ఏ మిషన్‌కో పోస్తరంట. దుకాణపాయన గూడ ఎర్రదే కదా అన్నడు." గొంతు తగ్గించాడు. "ఎర్రది తీస్కుంటున్నది, ఎర్రదే ఇయ్యాలె గదా."

పిల్లలూ, ఇక్కడొక్క మాట గుర్తుపెట్టుకోండి. ఎరుపు అనేది నూనె గుణం కాదు. కారితే కళ్ళకు కనబడాలని కలిపిన రంగు. ఒకే రంగున్న రెండు నూనెలు ఒకదానికొకటి ఏమీ కాకపోవచ్చు. డబ్బా మీద ఏ గేర్‌బాక్సుకు అని రాసుందో చదవండి, తయారీదారు ఏం పొయ్యమన్నాడో చూడండి. తెలియకపోతే పొయ్యకండి. తెలియని నూనె గేర్లనే కాదు, గొట్టాల లోపలి రబ్బరును కూడా తినేస్తుంది.

కాసేపటికి బండి కదిలింది. కొబ్బరికాయ మహిమ అన్నట్టు డ్రైవరు నా వైపు చూశాడు.

ఊళ్ళోకి దిగేసరికి ఆ ఇంటి ముందు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. నొప్పులు మొదలై చాలాసేపైంది. నర్సు లోపలికి పరుగెత్తింది. బయటికొచ్చినప్పుడు ఆమె మొహం చూస్తే అడగాల్సింది ఏమీ లేకపోయింది. గడప మీద అత్తగారు కూర్చుని ఉంది. సన్నటి మనిషి, రెప్పవెయ్యని చూపు.

"అవ్వా, భద్రాచలం తోలుకపోవాలె. ఇక్కడుంటే బతకదు," అంది నర్సు.

"ఆ బండిల పోతే బతుకుతదా?"

ఆమె కొడుకు, నొప్పులు పడుతున్న మనిషి మొగుడు, తల్లికి వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. బతిమాలుతున్నాడని గొంతును బట్టి తెలుస్తోంది. ఆవిడ నా పనిముట్ల పెట్టె వైపు చూసింది.

"నువ్వేంది? బండి వైద్యుడివా?"

"అవ్ అవ్వా."

"జల్దీ చూడు. బండి రాళ్ళ కాడ ఆగకుంట పోతే పోనిస్త. ఆగిందా, కోడల్ని అక్కడ్నే దించి ఇంటికి తెచ్చుకుంట. సచ్చినా ఇంట్లనే సస్తది."

నా ఉద్యోగంలో ఎన్నో బండ్లకు గడువులు పెట్టారు. ఆ మాటంత భయం ఏ గడువూ పుట్టించలేదు.

వ్యాన్‌ను చింతచెట్టు కిందికి తోలి, కూలర్ గొట్టం విప్పాను. పైకి ఏ దెబ్బా లేదు. కత్తితో నిలువునా చీలిస్తే లోపలి పొర ఉబ్బి, ఊడి, నాలుకలా వేలాడుతోంది. మొదట్లో వదులు క్లాంపులోంచి కారిన కాస్తకు బదులు పోసిన తప్పు నూనె ఆ రబ్బరును తినేసింది. నూనె మెల్లగా పారినప్పుడు ఆ నాలుక పక్కకు తప్పుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు నూనె ఉరవడిగా వచ్చి దాన్ని లేపుతుంది, అది దారికి అడ్డం పడుతుంది. చల్లారని నూనె నురగ కట్టి బండిని లాగలేకపోతుంది. వెనక ఒత్తిడి పెరిగి క్లాంపు దగ్గర కారుతుంది. రాళ్ళున్నది గుట్ట నెత్తిన. రెండు వైపుల ఎత్తూ ముగిసేది అక్కడే. మా షాపు నేల సాపు. అక్కడ దాన్ని ఎన్నేళ్ళు తిప్పినా ఆగదు.

డ్రైవరు నా చేతిలోని ఆ నాలుకను చూస్తున్నాడు.

"అంటే కొబ్బరికాయ కొట్టకున్నా కదిలేదా అన్నా?"

"కాసేపు ఊకుంటే చాలు. చల్లారితే అదే వదులైతది."

"మరి బట్టలు?"

"కూలర్‌కు గాలి ఆడనియ్యలే. నువ్వు కట్టినకొద్దీ ఇంకా జల్దీ కాగింది."

ఆగిందని గుడ్డ కట్టాడు, గుడ్డ కట్టాడని ఇంకా ఆగింది. అతను కింద కూర్చుండిపోయాడు.

"మరి ఆ ఇద్దరు?"

"ముందు ఈమె సంగతి చూద్దాం లే," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

గుడ్డలు విప్పమంటే డ్రైవరు ముట్టనన్నాడు. నాకూ చెయ్యి రాలేదు. నర్సు ఆసుపత్రి కత్తెర తెచ్చి టకటకా కత్తిరించి ముసలామె ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. కూలర్ గట్టిదే, ఊదితే గాలి దూరింది. కొత్త గొట్టం బిగించి, ఇంజను తిప్పుతూ పాత నూనె బయటికి పోనిచ్చి, పై నుంచి సరైన నూనె పోస్తూ వచ్చాను. బయటికొచ్చే నూనెలో మాడు వాసన పోయేదాకా పోశాను. లోపల ఆ మనిషి అరుపులు వినబడుతున్నాయి. అరుపులు ఆగినప్పుడు ఇంకా భయమేసింది.

ఎక్కించారు. కొడుకు, అత్త, నర్సు ఆమె చుట్టూ కూర్చున్నారు. నేను డ్రైవరు పక్కన. గుట్ట మొదలైంది. వెనకనుంచి ముసలామె సన్నటి గొంతుతో ఏవో పేర్లు చెబుతోంది. నర్సు నా చెవి దగ్గర, "పోయినోళ్ళ పేర్లు," అంది. ఒక్కో పేరు చెబుతూ ఆగుతోంది, ఎవరో పలకాలన్నట్టు. నేను చూపు వేడి చూపించే ముల్లు మీదే పెట్టాను. ముల్లు నిలకడగా ఉంది. ఇంజను గొంతు సాఫీగా ఉంది. రాళ్ళు కనిపించాయి. ఈసారీ నాకు మనుషుల్లానే కనిపించాయి.

సరిగ్గా అక్కడికొచ్చేసరికి బండి నెమ్మదించింది.

వెనక పేర్లు ఆగిపోయాయి. కొడుకు తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. ముల్లు చూశాను, సరిగానే ఉంది. ఇంజను అరవడం లేదు, అది కూడా నెమ్మదిస్తోంది. అప్పుడు కిందికి చూశాను. డ్రైవరు కాలు యాక్సిలరేటర్ మీదనుంచి లేచి ఉంది. అతను ఎదురుగా రోడ్డు చూస్తున్నాడు, చెంపల మీద చెమట కారుతోంది, తన కాలు లేచిన సంగతి అతనికి తెలియదు. ఇన్నాళ్ళూ ఆగిన చోటది. కాలు తనంత తానే ఆగుతోంది.

నేను అతని మోకాలి మీద చెయ్యి వేసి బలంగా నొక్కాను.

బండి ఒక్క ఉదుటున ముందుకు దూకింది. రాళ్ళు పక్కనుంచి ఒకటొకటిగా వెనక్కి పోయాయి. చివరి రాయి దాటాక ముసలామె పెద్దగా ఏడ్చింది. భద్రాచలం ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. తల్లీ బతికింది.

వాళ్ళను ఇంటికి దించే రోజు నేనూ వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు. చీల్చిన గొట్టం ముక్క నా సంచిలో ఉంది. గుట్టెక్కాక ముసలామె బండి ఆపమంది. ఇంజను కూడా ఆపెయ్యమన్నాను. డ్రైవరు తాళం తిప్పాడు. అందరం దిగాం. మంచి ఎండ.

"అవ్వా," అన్నాను, "నీ బిడ్డను ఆపింది రాళ్ళు కాదు. మా బండి." గొట్టం ముక్క ఆమె చేతిలో పెట్టాను. ఆమె వేలు పెట్టి ఆ నాలుకను లేపింది, వదిలింది, మళ్ళీ లేపింది.

"గిది మీరు ముందు చూడలేదా?"

"చూడలే. మా కాడ ఆగలే. మా కాడ ఆగకపోయేసరికి ఇక్కడ ఆగుతున్నదంటే నమ్మలే."

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆమె గొట్టాన్ని నా చేతికి తిరిగిచ్చింది.

"నాకెందుకు చెప్తున్నవ్? వాళ్ళకు చెప్పు." రెండు కొత్త రాళ్ళను చూపించింది. "వాళ్ళకు తెల్వాలె గదా, ఎందుకు ఆగిందో."

ఉద్యోగంలో ఎందరో ఇంజనీర్లకు రిపోర్టు చెప్పాను. ఆ రోజు రెండు రాళ్ళ ముందు నిలబడి కూలర్ గొట్టం గురించి చెప్పాను. వేడి నూనె ఎటు పోతుందో, చల్లటిది ఎటు రావాలో చెప్పాను. తప్పు నూనె రబ్బరును ఏం చేసిందో చెప్పాను. మేం షాపులో నవ్వుకుని పంపేశామని కూడా చెప్పాను. మొదట సిగ్గేసింది. తర్వాత సిగ్గు పోయింది, ఎందుకంటే ఎదుట ఎవరో వింటున్నారు. ఎలా తెలుసని అడక్కండి. మనం చెప్పేది ఎదుటివాళ్ళు వింటున్నదీ లేనిదీ మాట్లాడేవాడికి తెలుస్తుంది. చెప్పడం అయిపోయాక కూడా ఆ వినడం ఆగలేదు.

"ఇంకేమన్న ఉందా?" అంది ముసలామె.

నన్నే అడిగిందనుకున్నాను. ఆమె నా వైపు చూడటం లేదు. డ్రైవరును చూస్తోంది.

అతను పడుచుపిల్ల రాయి వైపు తిరిగి మాట్లాడాడు.

"అక్కా, దూపైతున్నదని నువ్వు నీళ్ళడిగినవ్. ఒక్క సీసనే ఉండె. బండి కదలాలని రాళ్ళకు సాకబోసిన. కొంచెం ఓర్సుకోమన్న. సీసల ఏం మిగల్లే."

ముసలామె ఉలిక్కిపడలేదు. ఆ రోజు కూతురి తల ఒళ్ళో పెట్టుకుని బండిలో కూర్చున్నది ఆమే. అతను నీళ్ళు ఎక్కడ పోశాడో కళ్ళారా చూసింది.

"అవ్," అంది. "అడిగింది."

నర్సు బండిలోంచి నీళ్ళ సీసా తెచ్చి ఇవ్వబోయింది. ముసలామె తీసుకోలేదు, డ్రైవరుకు ఇమ్మని సైగ చేసింది. అతను ఆ రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని మూత తీశాడు. కొంచెం పోసి, చాలా అన్నట్టు ఆమె మొహంలోకి చూశాడు.

"మొత్తం పొయ్యి బిడ్డా," అంది. "దానికి దూప ఓర్సుకునుడు రాదు."